చెప్పించుకోని మనిషి

గోల్‌మురి,
23 జూన్ 2024

ఆదిబాబు మావయ్యా,

నీ కార్డు శుక్రవారం వచ్చింది. పోస్టుమాన్ ఎప్పటిలాగే హిందీలో, "తెలుగు చిట్ఠీ" అని కేకేసి గుమ్మంలో పడేశాడు. మా బస్తీలో చేతిరాత ఉత్తరాలు వచ్చేది నా ఒక్కదానికే. ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే, చేతిరాత పాడవుతుంది, కాగితం మీద రాయి అంటావు. అదీ మంచిదే. ఆరేళ్ళప్పుడు నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలు ఇంకెక్కడ వాడను? ఇక్కడ అందరికీ హిందీయే.

నువ్వు నెల నెలా పంపే ఇంగ్లీషు మాట ఈసారి "ఆఫ్ హిజ్ ఓన్ అకార్డ్" అని చూసి ముందు తికమకపడ్డాను. అకార్డ్ అంటే ఒప్పందం అని మాత్రమే తెలుసు. కాలేజీ లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీసి చూశాను. తనంతట తాను. ఎవరూ చెప్పకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా. "ముందు ఆన్ పెడితే తప్పు, ఆఫ్ పెట్టాలి" అని నువ్వు ఎర్ర ఇంకుతో రాశావు కదా, అది మా ఇంగ్లీషు మేడమ్‌కి కూడా తెలియదు. నేను అడిగితే ఫోన్లో చూసుకుని, "ఎవరు చెప్పారు నీకు" అంది. పలాసలో పుస్తకాలు బైండింగ్ చేసే మా మావయ్య అన్నాను. నమ్మలేదు.

పది వాక్యాలు అడిగావు. తొమ్మిదయ్యాయి, వేరే కాగితం మీద ఇంగ్లీషులో రాసి జతపరిచాను. పిల్లి తనంతట తానే ఇంటికి తిరిగొచ్చింది. తలుపు తనంతట తానే తెరుచుకుంది. మూడోది, అమ్మ తనంతట తానే నన్ను సినిమాకి పంపింది. అది శుద్ధ అబద్ధం. అయినా వాక్యం సరిగ్గా ఉంటే చాలు కదా, నిజం కానక్కర్లేదు కదా?

తొమ్మిదోది మాత్రం నిజం. తవిటయ్య చిన్నాన్న మా కొళాయి తనంతట తానే బాగుచేశాడు. నీకు తెలుసుగా, పక్కింటి తవిటయ్య చిన్నాన్న. ఇప్పుడు గమ్హరియా ఫ్యాక్టరీలో నాన్న ముఠాలోనే పని. మా ఇంట్లో నీళ్ళు కారుతున్నాయని ఎవరూ చెప్పలేదు. చప్పుడు విని పానా పట్టుకుని వచ్చేశాడు. అందుకే బస్తీలో ఎవరైనా అతని గురించి "ఆడు సెప్పించుకోడు" అంటారు. మావయ్యా, ఆ ఒక్క మాటలో ఎంత ఉందో చూశావా? పని చెయ్యడం, ఇంకొకడు చెప్పడం, ఆ చెప్పే అవసరం రానివ్వకపోవడం, మూడూ ఒకదాంట్లోనే. దానికి ఇంగ్లీషు దొరకదనుకున్నాను. నువ్వు పంపావు.

ఇంతకీ నీకు ఈ మాట ఏ పుస్తకంలో దొరికింది?

పదో వాక్యం బాకీ ఉన్న
రోహిణి

పలాస,
4 జూలై 2024

రోహిణమ్మా,

ఇక్కడ వానలు. జిగురు ఆరడం లేదు. ఇంటర్ పిల్లల రికార్డులు నలభై కుట్టి పెట్టాను, ఒక్కటీ ఆరలేదు. జీడిపప్పు బట్టీల పొగ వాన నీళ్ళలో కలిసి షాపు ముందు నల్లగా పారుతోంది.

నీ వాక్యాలు చూశాను. ఐదో దాంట్లో "హిజ్" బదులు "హర్" రావాలి. ఆ వాక్యంలో పని చేసింది అత్త కదా. మిగతావి బాగున్నాయి. మూడోది అబద్ధమైతే ఏమైంది? వాక్యం వేరు, నిజం వేరు. పరీక్షలో వాక్యానికే మార్కులు.

మాట ఎక్కడ దొరికిందని అడిగావు. పుస్తకంలో కాదు, ఒక పాత కాగితంలో. అది పెద్ద విషయమేమీ కాదు.

తవిటయ్య పేరు చూసి నవ్వొచ్చింది. నేను అక్కడున్నప్పుడు, ఇనప రేకులు నొక్కే ప్రెస్సు షెడ్డులో నేనూ అతనూ పక్కపక్కనే పనిచేసేవాళ్ళం. నా చెవులు పోయిన కొత్తల్లో అందరూ సైగలు చేస్తే, అతనొక్కడూ నా చెవిలో నోరు పెట్టి అరిచేవాడు. అరిస్తే ఎప్పటికైనా వినపడుతుందని అతని నమ్మకం. ఇక అరవక్కర్లేదని నా మాటగా చెప్పు.

పదో వాక్యం త్వరగా పంపు. అమ్మని, మీ నాన్నని అడిగానని చెప్పు.

మీ మావయ్య
ఆదిబాబు

గోల్‌మురి,
15 జూలై 2024

మావయ్యా,

నీ మాట చెప్పడానికి తవిటయ్య చిన్నాన్న లేడు. పోయిన మంగళవారం, తొమ్మిదో తారీఖు, పనిలో చనిపోయాడు.

షెడ్డు పైకప్పు సిమెంటు రేకులు. పాతవి. వాన పడి, కరెంటు ప్యానెల్ మీదికి నీళ్ళు కారుతున్నాయట. రేకు మీద టార్పాలిన్ కప్పడానికి ఎక్కాడు. రేకు విరిగింది. కింద ప్రెస్సు ఇనప అచ్చులు పేర్చి ఉన్నాయి. ఇంటికి తెచ్చినప్పుడు మొహం కప్పేసి ఉంది. నూకమ్మ పిన్ని కాళ్ళు పట్టుకుని గుర్తుపట్టింది. వాళ్ళ అమ్మాయి హేమకి ఎనిమిదో క్లాసు. అది ఏడవలేదు, అందరికీ నీళ్ళు అందిస్తూ తిరిగింది.

మూడో రోజు కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీ వచ్చాడు. వాళ్ళింటి ముందు కట్టిన టార్పాలిన్ కింద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, నాన్నతో కలిపి ముఠాలో వాళ్ళు ఆరుగురూను. చనిపోయినవాడి గురించి, అతను ఎలాంటి మనిషి, ఆరోజు ఏం చేశాడు, ఇంగ్లీషులో ఒక కాగితం రాసి ఇస్తే ఫైల్లో పెడతాను, ఇంటివాళ్ళకి ఏదైనా సాయం అందుతుంది అన్నాడు. అందరూ నా వైపు చూశారు. బస్తీలో ఎవరికి అర్జీ కావాలన్నా నేనే కదా రాసేది.

నీకు తెలుసు, పోయినవాడి గురించి మనవాళ్ళు ఎలా మాట్లాడతారో. ఒకరి తరవాత ఒకరు.

"ఆడు ఏ రోజూ సెప్పించుకోనేదు."

"ఎవుడో ఎక్కమంటే ఎక్కే మడిసా? పని కనబడితే ఆగడు."

"మనందరం నిలబడి సూత్తన్నాం. ఆడు ఎల్లిపోనాడు."

కూర్మారావు తాత తుండుతో కళ్ళు తుడుచుకుంటూ, "మనకి పని సెప్పీవోడు కావాల. ఆడికి అక్కర్నేదు" అన్నాడు. నాన్న మాత్రం ఏమీ అనలేదు. నేను చూస్తే, "రాయి" అన్నాడు.

రాశాను. ఆ వాక్యం నీకు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. "తవిటయ్య క్లైంబ్డ్ ద రూఫ్ ఆఫ్ హిజ్ ఓన్ అకార్డ్, యాజ్ హి డిడ్ ఆల్ హిజ్ వర్క్." ఇంట్లోకి వెళ్ళి నూకమ్మ పిన్నికి చదివి వినిపిద్దామనుకున్నాను. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, వెళ్ళలేదు. నాన్న మొదటి సంతకం పెట్టాడు. తరవాత ఐదుగురూ. ఇద్దరివి వేలిముద్రలు.

ఒకటి చెప్తాను, ఎవరికీ చెప్పలేదు. ఆ వాక్యం రాసి చదువుకున్నప్పుడు, ఒక్క క్షణం, బాగుందనిపించింది. శవం లేచిన ఇంటి ముందు కూర్చుని నాకు అలా అనిపించింది. నన్ను తిట్టు.

రోహిణి

పలాస,
23 జూలై 2024

అమ్మలూ,

తవిటయ్య పోయాడా. రెండు రోజులు షాపు తియ్యలేదు. నాకు ఇప్పుడు ఏ గొంతూ గుర్తులేదు, నా తల్లి గొంతు కూడా. చెవి మీద అతని ఊపిరి వెచ్చగా తగలడం మాత్రం గుర్తుంది.

నిన్ను తిట్టను. వాక్యంలో తప్పు వెతికాను, దొరకలేదు. అతని గురించి అంతకంటే బాగా ఎవరు రాస్తారు? సంతాపం కాగితం అందరి ముందూ చదివారా? నువ్వే చదివావా? ఆ నకలు ఒకటి పంపు, అట్ట వేసి దాస్తాను.

24వ తారీఖు. కవరు అంటించబోతూ నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మున్షీ అడిగాడని రాశావు. నేను సరిగ్గా చూసుకోలేదు. రోహిణమ్మా, ఆ కాగితం వెనక్కి తీసుకో. ఏదో ఒకటి చెప్పి తీసుకో. పోస్టు డబ్బా తీసే వేళయింది, ఇంకేమీ రాయలేను.

ఆదిబాబు

గోల్‌మురి,
1 ఆగస్టు 2024

మావయ్యా,

నీ ఉత్తరం చూసి భయపడ్డాను. డిక్షనరీ మళ్ళీ చూశాను. ఆఫ్ సరే, హిజ్ సరే, కామా కూడా సరే. మేడమ్‌కి చూపిస్తే చాలా చక్కగా ఉంది అంది. తప్పే లేనప్పుడు వెనక్కి ఎందుకు తీసుకోవాలి? మున్షీని అడగమని నాన్నకి చెప్పాను. "ఇచ్చిన కాగితం మల్లీ అడిగితే బాగోదు" అన్నాడు. ఎక్కడ తప్పుందో నువ్వే చెప్పు, దిద్దుకుంటాను.

రోహిణి

పలాస,
9 ఆగస్టు 2024

రోహిణమ్మా,

వాక్యంలో తప్పు లేదు. తప్పు లేకపోవడమే వాళ్ళకి కావలసింది.

నీకు చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 2012లో నా రెండు చెవులూ పోయాయని డాక్టరు చీటీ రాశాడు. ప్రెస్సు దెబ్బల వల్లే అని కూడా రాశాడు. ఆ చీటీ ఆఫీసులో ఇచ్చిన వారానికి నాకొక కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నాకు అప్పుడు పేరు రాసుకునే ఇంగ్లీషు తప్ప రాదు. చదివించుకుందామన్నా చెవులు లేవు. సంతకం పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదని సైగలతో చెప్పారు. పెట్టాను.

ఇక్కడికి వచ్చి షాపులో కూర్చున్నాక, చిరిగిపోయిన డిక్షనరీ ఒకటి బైండింగుకి వచ్చింది. కుట్టేముందు నా కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాట వెతుక్కున్నాను. నాలుగు రోజులు పట్టింది. "ఐ యామ్ లీవింగ్ ద జాబ్ ఆఫ్ మై ఓన్ అకార్డ్." నా అంతట నేనే మానుకుంటున్నాను అని. చెవుల ఊసు అందులో లేదు. నా ఇంగ్లీషు అక్కడ మొదలైంది. నీకు నెల నెలా పంపే మాటలన్నీ ఆ నాలుగు రోజుల తరవాత నేర్చుకున్నవే. ఆ మాట నాకు అన్నిటికంటే బాగా తెలుసు, అందుకే పంపాను. అది ఎక్కడిదో దాచి పంపాను.

ఆ కాగితం నా దగ్గరికి తెచ్చింది ఎవరో నువ్వు అడుగుతావు. మీ నాన్నే. ముఠాని నడిపే మేటు కదా, ఆఫీసు కాగితాలు అతని చేతుల మీదే వస్తాయి.

ఇప్పుడు నువ్వు ఒక్కటి కనుక్కో. తవిటయ్య నిజంగా తనంతట తానే ఎక్కాడా? నూకమ్మని ఎవరైనా అడిగారా?

ఆదిబాబు

గోల్‌మురి,
20 ఆగస్టు 2024

మావయ్యకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే నూకమ్మ పిన్నికి కూడా కాంట్రాక్టరు నుంచి ఒక కవరు వచ్చింది. ఇంగ్లీషులో ఉందని నా దగ్గరికే తెచ్చింది. చేతులు తుడుచుకుని, గుమ్మం మీద కూర్చుని, "ఏటుందే అందులో, తెలుగులో సెప్పు" అంది.

అందులో నా వాక్యం ఉంది. కింద పెన్సిలు గీత గీసి ఉంది. తోటి పనివాళ్ళు ఆరుగురూ సంతకాలు చేసి చెప్పిన దాని ప్రకారం, అతను ఎవరి ఆదేశం లేకుండా, తనంతట తానే ఎక్కాడు కాబట్టి, ఆరోజు అతనికి డ్యూటీ కూడా లేదు కాబట్టి, ఇది పని ప్రమాదం కాదు, తమకి బాధ్యత లేదు అని ఉంది.

చదివి చెప్పాను. వేరే మాటలు పెట్టి చెబుదామనుకున్నాను, కుదరలేదు. అంత నిక్కచ్చిగా రాశాను నేను.

పిన్ని అరవలేదు. "ఎవుడూ సెప్పకుండానా?" అంది. "ఆయాల ఆయనకి సెలవు. కంచం ముందర కూకున్నాడు. మీ నాన్న ఫోను సేసినాడు. పేనెల్లో నీల్లు పడతన్నాయి, సూపర్‌వైజరు సంపుతున్నాడు, నువ్వొచ్చి ఎక్కు అన్నాడు. ఫోను స్పీకరు ఎట్టి కింద పెట్టుకుని తింటన్నాడు, నాకూ ఇనబడింది. కలిపిన అన్నం అలాగే వదిలీసి లేసినాడు. తినీసి ఎల్లు అన్నాను. భీమారావన్న పిలిత్తే ఆగుతానా అన్నాడు."

కాసేపటికి మళ్ళీ, "నాను లోపలే ఉన్నాను గదే. రాసీటప్పుడు నన్నొక్క మాట అడిగితే సెప్పుదును" అంది. అని, కవరు జాకెట్టులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాన్నని అడిగాను. అన్నం తింటున్నాడు. "నాను అబద్ధం సెప్పనేదు. ఆల్లందరూ మంచి మాటలే సెప్పినారు, నువ్వు మంచిగానే రాసినావు" అన్నాడు. ఫోన్ చేశావా లేదా అన్నాను. "ఐదుగురి పని నా మీద ఉంది, రోహిణీ. నానే ఎక్కమన్నానని సెప్తే రేపు పని పోయి గేటు కాడ ఆరుగురం నిలబడతాం" అన్నాడు. అమ్మ నన్ను లోపలికి లాక్కెళ్ళింది.

నాన్న తెలిసే "రాయి" అన్నాడు మావయ్యా. మిగతావాళ్ళకి తెలియదు. వాళ్ళు పొగిడారు. నేను పొగడ్త అనుకునే రాశాను. నాన్న వింటూ కూర్చున్నాడు.

నీ మీద కూడా కోపంగా ఉంది. నెల నెలా మాటలు పంపావు. ఈ మాట నీకు ఏం చేసిందో ఒక్క ముక్క రాసి ఉంటే, నేను కలం పట్టుకునే ముందు ఆగేదాన్ని. వాక్యం వేరు, నిజం వేరు అన్నావు. పరీక్షలో అన్నావు, తెలుసు. నాకు పరీక్షకీ దీనికీ తేడా ఎవరు చెప్పారు?

ఇక మాటలు పంపకు. పదో వాక్యం అడగకు.

రోహిణి

పలాస,
14 అక్టోబర్ 2024

రోహిణమ్మా,

రెండు నెలలైంది నీ ఉత్తరం లేక. నీ కోపం సబబే. నేను దాచింది సిగ్గువల్ల. చదువు రాక మోసపోయానని చెప్పుకోవడం ఒక సిగ్గు. నా అక్క మొగుడే ఆ కాగితం తెచ్చాడని చెప్పుకోవడం ఇంకో సిగ్గు. నీకు మాటలు నేర్పితే నీకలా జరగదనుకున్నాను. నీకు చదువొచ్చింది, చేటు మాత్రం ఇంకొకరికి జరిగింది.

మీ నాన్న చెడ్డవాడని నేను రాయను. ఎవరు ఏ కాగితం చేతిలో పెట్టినా తెచ్చి మన ముందు పెడతాడు. అంతే. ఆ "అంతే" వల్ల నా చెవులు లెక్కలోకి రాకుండా పోయాయి, ఇప్పుడు తవిటయ్య చావు లెక్కలోకి రాకుండా పోతోంది.

నా కాగితం జిరాక్సు పెడుతున్నాను. డాక్టరు చీటీ కూడా. నూకమ్మకి ఏ ఆఫీసులోనైనా పనికొస్తే చూపించండి. పనికిరాకపోతే నీ దగ్గర ఉంచుకో. మాట ఏదీ పంపడం లేదు.

నీ జవాబు కోసం పోస్టుమాన్ వచ్చే వేళకి షాపు బయటే కూర్చుంటున్నాను. సైకిలు బెల్లు నాకు వినపడదు కదా.

మావయ్య

గోల్‌మురి,
12 డిసెంబర్ 2024

మావయ్యా,

నీ జిరాక్సు కాగితం నా పుస్తకాల మీదే ఉంచాను. దాచలేదు, చూపించనూ లేదు. నేను నాన్నతో మాట్లాడి అప్పటికి చాలా రోజులైంది. పక్కింట్లో పిన్ని పొద్దున్నే టెల్కో కాలనీలో ఇళ్ళపనికి వెళ్ళేది. ఆవిడ గొళ్ళెం చప్పుడు వినగానే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆయన కలిపిన అన్నం అమ్మ కుక్కకి వేసేది.

నవంబరు ఆఖరి ఆదివారం నాన్న ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లీషు రాదు, నీ సంతకం గుర్తుపట్టాడు. "ఇది నాను తెచ్చిందే" అన్నాడు. "ఏటి రాసుంది?" అన్నాడు. చదివి చెప్పాను. తవిటయ్య చిన్నాన్న కాగితం నకలు కూడా తెమ్మన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి, ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. రెండు చోట్లా వేలు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

సోమవారం డ్యూటీకి వెళ్ళలేదు. గుండీలు పెట్టుకుంటూ, "లేబరు ఆఫీసుకి ఎల్లాల, రాయడానికి నువ్వు రా" అన్నాడు. షేరింగ్ ఆటోలో వెళ్ళాం. అక్కడ గుమాస్తా, ఎవరు పంపారు, యూనియనా, ఆ విధవా, అని హిందీలో అడిగాడు. "కోయీ నహీఁ", ఎవరూ పంపలేదని అన్నాడు నాన్న. నాతో మాత్రం తెలుగులో, "పెద్ద మాటలేటీ ఎట్టకు" అన్నాడు.

ఆయన చెప్పినట్టే రాశాను. ఫోన్ చేసిన వేళ, సూపర్‌వైజరు అన్న మాట, తాను అన్న మాట. నాలుగే వాక్యాలు. ఒక్కదాంట్లోనూ అలంకారం లేదు. నీ కాగితం, డాక్టరు చీటీ కూడా ఇచ్చాం. అది వేరే కేసు అని వెనక్కి ఇచ్చేశారు.

ఏం జరిగిందంటే, మరుసటి రోజే నాన్న గేటు పాసు తీసేసుకున్నారు. మిగతా ఐదుగురూ పాత కాగితం మీదే నిలబడ్డారు. వాళ్ళకీ పిల్లలున్నారు. కూర్మారావు తాత మా ఇంటి ముందు నుంచి వెళ్ళడం మానేసి, వెనక సందులోంచి తిరిగి వెళ్తున్నాడు. ఐదు సంతకాల ముందు ఒక్క మాట ఎంతవరకూ నిలుస్తుందో చెప్పలేనని ఆఫీసరు అన్నాడు. ఫిబ్రవరిలో వాయిదా.

సంగతి తెలిసి పిన్ని వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. నాన్న లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు సెప్పినావా అన్నా" అంది. వెళ్ళిపోయింది. నాన్న అలాగే నిలబడ్డాడు, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేదాకా.

నువ్వు పోస్టుమాన్ కోసం బయట కూర్చుంటున్నానని రాశావు. ఇక లోపల కూర్చో, చలి. ఉత్తరాలు రాస్తాను. మాటలు కూడా పంపు. పంపితే, ఎక్కడ దొరికిందో కూడా రాయి.

జూన్ నుంచి పదో వాక్యం నీకు బాకీ ఉన్నాను. లేబరు ఆఫీసులో రాసిన నాలుగింటిలో ఆఖరిది పంపుతున్నాను. "ఐ టోల్డ్ తవిటయ్య టు క్లైంబ్, అండ్ హి క్లైంబ్డ్." ఎక్కమని నేను చెప్పాను, ఎక్కాడు. నువ్వు ఇచ్చిన మాట ఇందులో లేదు. ఎక్కడైనా పెడదామని చూశాను, పెట్టే చోటు లేదు. మార్కు కొట్టేస్తే కొట్టెయ్యి.

రోహిణి